ఆసుపత్రి ఎంఆర్ఐలో చిట్టెలుక కణితి: కాయిల్ ఎంపిక నుంచి కొలత దాకా

కణితి ఎలా పెరుగుతోంది, మందుకు లొంగుతోందా లేదా అన్నది చిట్టెలుకలో చూడటానికి ఎంఆర్ఐ చాలా మంచి దారి. ఎలుకను కోయనక్కర్లేదు, చంపనక్కర్లేదు. అదే ఎలుకను వారం వారం చూసుకోవచ్చు, దాని పాత స్కానే దానికి పోలిక అవుతుంది కాబట్టి ప్రయోగానికి తక్కువ ఎలుకలు సరిపోతాయి. ఈ పనికోసమే తయారైన 4.7, 7, 9.4 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) చిన్న జంతువుల స్కానర్లు ఉన్నాయి కానీ అవి అందరికీ అందవు. మనుషుల కోసం పెట్టిన 1.5 లేదా 3 టెస్లా స్కానర్ మాత్రం చాలాచోట్ల ఉంటుంది, రోగులు వెళ్లిపోయాక కాసేపు ఖాళీగానూ ఉంటుంది. దానితో పని అవుతుందా అంటే అవుతుంది. కాకపోతే దాన్నుంచి ఏం అడగాలో, ఏం అడక్కూడదో ముందే తెలిసుండాలి.

ముందు లెక్క చూసుకోండి

మనిషి 70 కిలోలు, చిట్టెలుక 25 గ్రాములు. బరువులో తేడా 2,800 రెట్లు. అంటే పొడవు లెక్కన సుమారు 14 రెట్లు. మనిషిలో 1 మి.మీ. వోక్సెల్‌తో (చిత్రంలోని అతి చిన్న ఘనపు ముక్కతో) కనిపించేంత వివరం ఎలుకలో కనిపించాలంటే వోక్సెల్ 0.07 మి.మీ. ఉండాలి. సిగ్నల్ వోక్సెల్ ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అదీ 2,800 రెట్లు పడిపోతుంది. మళ్లీ మళ్లీ స్కాన్ చేసి సగటు తీస్తే నాయిజ్ తగ్గుతుంది నిజమే, కానీ ఆ లాభం వర్గమూలం చొప్పునే వస్తుంది. పోయిన సిగ్నల్‌ను సగటుతోనే రాబట్టాలంటే 78 లక్షల సార్లు స్కాన్ చేయాలి.

కాబట్టి ఎవరూ అంత సన్నగా వెళ్లరు. కొంత వివరం వదులుకుంటారు, మిగతాది చిన్న కాయిల్‌తో (సిగ్నల్‌ను పట్టే యాంటెన్నాతో) రాబడతారు. 3 టెస్లాలో తలం మీద 0.2 మి.మీ., మందంలో 0.7 నుంచి 1 మి.మీ. అన్నది పది నిమిషాల లోపు నమ్మకంగా సాధించగలిగే స్థాయి. చర్మం కింద లేదా రొమ్ము కొవ్వులో పెంచిన కణితులు, మెదడులోని గ్లయోమాలు 2–3 మి.మీ. దాటాక ఈ స్థాయిలో బాగా దొరుకుతాయి. కాలేయం కష్టం, ఊపిరి కదలికను అదుపు చేస్తే కుదురుతుంది. ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలను లెక్కపెట్టడమే మీ ప్రశ్న అయితే మైక్రో సీటీ వైపు వెళ్లండి.

ఆసుపత్రి స్కానర్ అసలు బలహీనత గ్రేడియెంట్లలో, అంటే సిగ్నల్ ఎక్కడినుంచి వచ్చిందో గుర్తించడానికి అయస్కాంత క్షేత్రాన్ని చోటును బట్టి మార్చే భాగాల్లో ఉంది. వాటి శక్తి సాధారణంగా మీటరుకు 40 నుంచి 80 మిల్లీటెస్లాలు. జంతువుల స్కానర్లలో అది కొన్ని వందలు. అందుకే ఇక్కడ చిన్న ఫీల్డ్ ఆఫ్ వ్యూ (చిత్రంలో పట్టే ప్రాంతం) పెట్టగానే ఎకోల (తిరిగి వచ్చే సిగ్నళ్ల) మధ్య సమయం సాగిపోతుంది. బలాలూ ఉన్నాయి. గడోలినియం కాంట్రాస్ట్ మందు టీ1 (పల్స్ తర్వాత కణజాలం అయస్కాంత స్థితి మళ్లీ కుదుటపడే సమయం) మీద చూపే ప్రభావం 7 టెస్లాలో కంటే ఇక్కడే ఎక్కువ. గాలి, కణజాలం కలిసే చోట వంకరలు తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, మీరు ఎలుకలో వాడిన సీక్వెన్స్ (స్కాన్ తీసే క్రమం), వాడిన కాంట్రాస్ట్ మందు రేపు రోగి మీద అదే యంత్రంలో వాడొచ్చు. నా దృష్టిలో ఈ పద్ధతి ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే, ఖర్చు తర్వాతి మాట.

అడుగు 1: అనుమతులు

జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. దానితోపాటు రేడియాలజీ విభాగం, ఆసుపత్రి ఇన్ఫెక్షన్ నియంత్రణ బృందం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. రోగి పడుకునే బల్ల మీదికి జంతువు వస్తోంది. ఎలుక మూత్రంలోని ప్రోటీన్లు అలర్జీ తెప్పిస్తాయి. మనిషి కణితి కణాలు పెంచిన ఎలుకలైతే జీవభద్రత నియమాలూ వర్తిస్తాయి. చివరి రోగి వెళ్లాకే స్కాన్ పెట్టుకోండి. ఎలుకలను ఫిల్టర్ మూత ఉన్న పెట్టెలో, రోగులు నడవని దారిలో తీసుకురండి. రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు ఆసుపత్రి గాలే ప్రమాదం కాబట్టి ఈ జాగ్రత్త రెండు వైపులా అవసరం.

అడుగు 2: కాయిల్

మీ దగ్గర డబ్బు, ఓపిక పరిమితంగా ఉంటే రెండూ ఇక్కడే పెట్టండి. కాయిల్ ఎంత చిన్నదై, ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బాగుంటుంది. తల కాయిల్‌లో ఎలుకను పెడితే ఆ ఖాళీలో ఎలుక ఒక మూలకు కూడా చాలదు. చిత్రం వస్తుంది కానీ కొలతకు పనికిరాదు.

మెరుగైన వరుసలో చెప్పాలంటే, మొదట ఎలుక కోసమే చేసిన 30–40 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న కాయిల్. మీ స్కానర్ కంపెనీ ప్లగ్‌కు సరిపడేవి దొరుకుతాయి. తర్వాత వేలి కాయిల్ లేదా చిన్న లూప్ కాయిల్. చర్మం కింద కణితికి లూప్ చాలా బాగా పనిచేస్తుంది, కానీ లోతు పెరిగేకొద్దీ సిగ్నల్ పడిపోతుంది కాబట్టి మెదడంతా సమానంగా కనిపించదు. చివరగా మణికట్టు కాయిల్. పెరుగుదల మాత్రమే కొలవాలనుకునే ప్రాథమిక పనికి ఇది చాలు.

సొలినాయిడ్ ఆకారపు కాయిల్ అదే పరిమాణంలోని సాడిల్ కాయిల్ కంటే రెండు మూడు రెట్లు సిగ్నల్ ఇవ్వగలదు. కాకపోతే దాని అక్షం ప్రధాన అయస్కాంత క్షేత్రానికి లంబంగా ఉండి తీరాలి. అంటే ఎలుక స్కానర్ పొడవునా కాకుండా అడ్డంగా పడుకోవాలి. స్కానర్ పొడవునా పెట్టిన సొలినాయిడ్ ఏమీ వినదు.

సొంతంగా కాయిల్ చేసుకునేవాళ్లు ఒక విషయంలో రాజీ పడకూడదు. ఆర్ఎఫ్ (రేడియో తరంగాలు) పంపేది స్కానర్ గోడలోని బాడీ కాయిల్. అది పంపుతున్నప్పుడు మీ కాయిల్ తనంతట తాను డీట్యూన్ కావాలి, అంటే ఆ తరంగాలకు స్పందించకుండా ఉండాలి. ఆ సర్క్యూట్ లేకపోతే ఎలుక కాలుతుంది, ముందున్న యాంప్లిఫయర్ కూడా పోవచ్చు. ఆసుపత్రి ఎంఆర్ ఫిజిసిస్ట్ పరీక్షించకుండా ఏ కాయిల్‌నీ బల్ల మీద పెట్టొద్దు.

పారలల్ ఇమేజింగ్ (పలు కాయిళ్ల సాయంతో తక్కువ డేటా నుంచే చిత్రం కట్టే పద్ధతి) ఆపేయండి. అది సమయం తగ్గిస్తూ సిగ్నల్ తింటుంది, ఇక్కడ తినిపించడానికి మన దగ్గర సిగ్నల్ లేదు.

అడుగు 3: లోహం వెతకడం

ఎలుక చెవికి లోహపు ట్యాగ్ ఉంటే తీసేయండి. ప్రయోగం మొదట్లోనే చెవి పంచ్ లేదా టాటూ పద్ధతి ఎంచుకుంటే ఇంకా మంచిది. చర్మం కింద పెట్టిన గుర్తింపు చిప్ చుట్టూ పెద్ద నల్ల మరక వస్తుంది. మెదడు కణితి చూడాల్సిన ఎలుకకు మెడ దగ్గర చిప్ ఉంటే ఆ స్కాన్ వృథా. కుట్లకు వాడిన లోహపు క్లిప్పులూ అంతే.

అడుగు 4: మత్తు, వెచ్చదనం

ఐసోఫ్లురేన్ 3–4 శాతంతో మత్తులోకి పంపి, 1–2 శాతంతో నిలబెట్టండి. వేపరైజర్‌లో (మత్తుమందును ఆవిరి చేసే పరికరంలో) ఇనుము ఉంటుంది కాబట్టి అది స్కానర్ గది బయటే ఉండాలి. గోడలోని వేవ్‌గైడ్ (బయటి రేడియో తరంగాలను రానివ్వని లోహపు గొట్టం) రంధ్రం గుండా పొడవాటి గొట్టం లోపలికి వెళ్తుంది. వదిలిన వాయువును బొగ్గు ఫిల్టర్‌కు పంపే ఏర్పాటు ఉండాలి, లేకపోతే ఆ గదిలో ఉన్న మనుషులు పీలుస్తారు. కళ్లు ఎండకుండా ఆయింట్‌మెంట్ రాయడం మరిచిపోవద్దు.

ఊపిరి నిమిషానికి 40 నుంచి 80 మధ్య ఉంటే బాగున్నట్టు. అంతకంటే తగ్గి, ఒక్కో శ్వాసను ఎగదీస్తుంటే మత్తు ఎక్కువైంది, వెంటనే తగ్గించండి. మనుషుల ఊపిరి బెల్ట్ ఈ కదలికను పట్టలేదు. ఛాతీ కింద పెట్టే చిన్న గాలి దిండు ఉన్న జంతువుల మానిటర్ కావాలి. దాని పల్స్‌ను స్కానర్ ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్‌కు ఇస్తే పొట్ట, కాలేయం స్కాన్లు శుభ్రంగా వస్తాయి. గుండె సంగతి వేరు. ఎలుక గుండె నిమిషానికి 400 సార్లకు పైగా కొట్టుకుంటుంది, మనుషుల ఈసీజీ గేటింగ్ (గుండె లయను బట్టి స్కాన్ తీసే ఏర్పాటు) ఆ వేగాన్ని అందుకునేలా చేసినది కాదు.

వేడి విషయానికి వద్దాం. చాలామంది దీన్ని జంతు సంక్షేమం కిందే చూస్తారు. అది సంక్షేమమే, కానీ కొలత కూడా. మత్తులో ఉన్న ఎలుక తన ఒంటి వేడిని నిలుపుకోలేదు. చల్లటి స్కానర్ గదిలో అది చూస్తుండగానే చల్లబడుతుంది. నీటి అణువుల వ్యాపనం డిగ్రీకి సుమారు 2 నుంచి 2.5 శాతం మారుతుంది. అంటే ఎలుక 3 డిగ్రీలు చల్లబడితే కణితి ఏడీసీ (నీటి వ్యాపనాన్ని కొలిచే ఎంఆర్ఐ అంకె) 6–7 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది, కణితిలో ఏ మార్పూ లేకుండానే. రక్త ప్రసరణ తగ్గుతుంది కాబట్టి కాంట్రాస్ట్ వక్రరేఖ (మందు కణితికి చేరే తీరును చూపే గీత) కూడా మారిపోతుంది. మందు పనిచేసిందని మీరు రాయబోయే వాక్యం నిజానికి గది ఏసీ గురించిన వాక్యం కావచ్చు.

కాబట్టి మలద్వారంలో ఫైబర్ ఆప్టిక్ థర్మామీటర్ పెట్టి 36–37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపండి. లోహపు తీగ ఉన్న ప్రోబ్ వాడొద్దు. వెచ్చటి గాలి ఊదే ఏర్పాటు అన్నిటికన్నా మేలు. వేడి నీరు తిరిగే ప్యాడ్ కూడా పనిచేస్తుంది కానీ పారే నీరు చిత్రంలో నీడలు వేస్తుంది, గొట్టాలను కాయిల్ పరిధికి దూరంగా ఉంచండి. కణితి చుట్టూ గాలి వల్ల వచ్చే వంకరలు తగ్గడానికి అల్ట్రాసౌండ్ జెల్ రాస్తే దాన్ని ముందే వెచ్చబెట్టండి.

అడుగు 5: స్కానర్‌ను ఒప్పించడం

ఈ యంత్రం ఎదుట మనిషి ఉన్నాడనే అనుకుంటుంది. 25 గ్రాముల బరువు చాలా స్కానర్లు తీసుకోవు. అది ఒప్పుకునే కనీస బరువు ఇచ్చి, అన్ని స్కాన్లకూ అదే ఉంచండి. చిన్న శరీరంలో ఆర్ఎఫ్ వేడి తక్కువే పుడుతుంది, కానీ తెరమీద చూపే ఎస్ఏఆర్ (శరీరం పీల్చుకునే ఆర్ఎఫ్ శక్తి) అంకెకు ఎలుక విషయంలో అర్థం లేదని గుర్తుంచుకోండి. నమోదు చేసేటప్పుడు పరిశోధనకే కేటాయించిన కోడ్ వాడండి, చిత్రాలు రోగుల ఆర్కైవ్‌లోకి పోకుండా పంపే దారి ముందే మూసేయండి.

ఎలుక అక్షరాలా అయస్కాంత కేంద్రంలో ఉండాలి. బల్ల పైభాగం ఆ కేంద్రం కంటే కిందుంటుంది కాబట్టి ఫోమ్ ముక్కలతో ఎత్తు పెంచండి. ఎలుకను పడుకోబెట్టిన ఊయల కదలకుండా ఇసుక సంచులతో గట్టిగా బిగించండి. డిఫ్యూజన్ (నీటి వ్యాపనాన్ని కొలిచే) స్కాన్‌లో బల్ల అదురుతుంది, ఆ అదురు కూడా సిగ్నల్ నష్టమే.

ఇంత చిన్న వస్తువుతో ఆటోమేటిక్ ప్రీస్కాన్ (స్కాన్‌కు ముందు యంత్రం తనను తాను సరిచేసుకోవడం) తరచూ విఫలమవుతుంది. రిసీవ్ కాయిల్‌కు కాస్త దూరంగా సెలైన్ సీసాలు పెడితే స్కానర్‌కు తగినంత లోడ్ కనిపిస్తుంది. అప్పటికీ కుదరకపోతే ఫ్లిప్ యాంగిల్‌ను (ఆర్ఎఫ్ పల్స్ అయస్కాంతత్వాన్ని వంచే కోణాన్ని) చేత్తో మార్చుకుంటూ సిగ్నల్ ఎక్కడ గరిష్ఠమవుతుందో చూసి ఆ ట్రాన్స్‌మిట్ విలువ రాసుకోండి. అదే ఏర్పాటుతో తర్వాతి ఎలుకలకూ దాదాపు అదే పనిచేస్తుంది. షిమ్ పెట్టెను (అయస్కాంత క్షేత్రాన్ని సమం చేసే ప్రాంతాన్ని) ఎలుక మీదికే కుదించండి. ఫ్రీక్వెన్సీ శిఖరం నీటి మీద ఉందా, కొవ్వు మీద ఉందా అని కళ్లతో చూడండి. రొమ్ము కొవ్వులో కణితి ఉన్నప్పుడు యంత్రం కొవ్వునే నీరనుకోవడం మామూలే.

అడుగు 6: సీక్వెన్సులు

మూడు తలాల లొకలైజర్ (చోటు చూసుకునే తొలి స్కాన్) తర్వాత టీ2 టర్బో స్పిన్ ఎకో (నీరు ఎక్కువున్న కణజాలం మెరిసేలా చూపే సీక్వెన్స్). పని మొత్తానికి ఇదే వెన్నెముక. 3 టెస్లాలో ఇలా మొదలుపెట్టండి: ఫీల్డ్ ఆఫ్ వ్యూ 50 మి.మీ., మ్యాట్రిక్స్ 256, స్లైస్ 0.8 మి.మీ., మధ్యలో ఖాళీ వద్దు, టీఆర్ (పల్స్‌ల మధ్య సమయం) 3500, టీఈ (ఎకో వచ్చే సమయం) సుమారు 65 మిల్లీసెకన్లు, టర్బో ఫ్యాక్టర్ (ఒక్క టీఆర్‌లో తీసే ఎకోలు) 8, సగటులు 4. మొత్తం ఏడున్నర నిమిషాలు. చిత్రం గరుకుగా ఉంటే ముందు స్లైస్ మందం కొద్దిగా పెంచి చూడండి. సగటులు రెట్టింపు చేస్తే సమయం రెట్టింపు, లాభం మాత్రం 1.4 రెట్లే.

బ్యాండ్‌విడ్త్‌ను (సిగ్నల్ చదివే ఫ్రీక్వెన్సీ వెడల్పును) సిగ్నల్ కోసం మరీ తగ్గించొద్దు. 3 టెస్లాలో నీటికి, కొవ్వుకు మధ్య తేడా సుమారు 440 హెర్ట్జ్. పిక్సెల్‌కు 220 హెర్ట్జ్ పెడితే కొవ్వు రెండు పిక్సెళ్లు, అంటే 0.4 మి.మీ. పక్కకు జరుగుతుంది. 3 మి.మీ. కణితి అంచు దగ్గర అది చిన్న తప్పు కాదు. ఫ్యాట్ శాచురేషన్ (కొవ్వు సిగ్నల్‌ను అణచడం) పెట్టండి, లేదా ఆ జరుగుడు కణితి మీద పడని దిశకు రీడ్‌అవుట్ (సిగ్నల్ చదివే దిశ) మార్చండి.

డిఫ్యూజన్‌లో సింగిల్ షాట్ ఈపీఐ (చిత్రమంతా ఒకే దెబ్బలో చదివే పద్ధతి) మనకు కలిసిరాదు. గ్రేడియెంట్లు నెమ్మది కాబట్టి చిత్రం సాగి, వంగి వస్తుంది. రీడ్‌అవుట్‌ను ముక్కలు చేసే ఈపీఐ లేదా టర్బో స్పిన్ ఎకో ఆధారిత డిఫ్యూజన్ మీ స్కానర్‌లో ఉంటే అదే వాడండి. తలంలో 0.5 మి.మీ., స్లైస్ 1.5 మి.మీ.తో సరిపెట్టుకోండి. బీ విలువలు (వ్యాపనం సిగ్నల్‌ను ఎంతగా తగ్గించాలో నిర్ణయించే అంకెలు) 0, 200, 500, 800 తీసుకుని, ఏడీసీని 200 నుంచి పైవాటితో లెక్కిస్తే రక్త ప్రవాహ ప్రభావం చాలావరకు తప్పుతుంది.

అడుగు 7: కాంట్రాస్ట్ మందు

చాలా స్కాన్లు పాడయ్యేది ఇక్కడే, అదీ మైక్రోలీటర్ల లెక్కలో. డోసు కిలోకు 0.1 మిల్లీమోల్ అనుకుందాం. 25 గ్రాముల ఎలుకకు 2.5 మైక్రోమోల్. సీసాలో మందు లీటరుకు 0.5 మోల్ ఉంటే మీకు కావాల్సింది 5 మైక్రోలీటర్లు. అంత చిన్న బిందువును ఎవరూ నమ్మకంగా ఇవ్వలేరు. సెలైన్‌తో 20 రెట్లు పలుచన చేయండి, 100 మైక్రోలీటర్లు ఇస్తే సరైన డోసు పడుతుంది. సిరలోకి ఒకేసారి కిలోకు 5 మి.లీ., అంటే ఈ ఎలుకకు 125 మైక్రోలీటర్లు దాటకూడదన్నది సాధారణ పరిమితి.

ఇప్పుడు గొట్టం చూడండి. తోక సిర నుంచి స్కానర్ బయటికి వచ్చే పీఈ-10 (సన్నటి పాలిథిలిన్) గొట్టం లోపలి వ్యాసం 0.28 మి.మీ. మీటరుకు సుమారు 62 మైక్రోలీటర్లు పడుతుంది. 2 మీటర్లు వాడితే లోపల 123 మైక్రోలీటర్లు. ఆ గొట్టాన్ని సెలైన్‌తో నింపి, సిరంజిలోంచి 100 మైక్రోలీటర్ల మందు నెడితే ఎలుకకు ఒక్క చుక్క మందు కూడా చేరదు. మొత్తం సెలైనే వెళ్తుంది, వక్రరేఖ బల్లపరుపుగా వస్తుంది, కణితికి రక్తం అందడం లేదనుకుంటారు.

పరిష్కారం తేలిక. గొట్టమంతా పలుచన చేసిన మందుతోనే నింపండి, సూది కొనలో మాత్రం కాస్త హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) కలిపిన సెలైన్ ఉంచండి. అప్పుడు మీరు ఎంత నెడితే అంత మందు లోపలికి వెళ్తుంది, తర్వాత ఫ్లష్ అక్కర్లేదు. గాలి బుడగ లేదని వెలుతురుకు ఎత్తి చూడండి. తోకను గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే సిర ఉబ్బుతుంది, సూది సులభంగా దిగుతుంది. స్కాన్ అయ్యాక గొట్టాన్ని నొక్కకుండా సూది తీయండి.

డైనమిక్ స్కాన్ (మందు చేరే తీరును వరుస చిత్రాలతో చూసే స్కాన్) 5–10 సెకన్లకు ఒక చిత్రం చొప్పున తీయొచ్చు. మందు వెళ్లేముందు కనీసం ఒక నిమిషం బేస్‌లైన్ ఉండాలి. ఎలుక ధమనిలో మందు శిఖరం కొద్ది సెకన్లలోనే దాటిపోతుంది కాబట్టి ధమని వక్రరేఖను ఈ వేగంతో నేరుగా కొలిచామని చెప్పుకోవడం సబబు కాదు. పక్కనున్న కండరాన్ని ఆధారంగా తీసుకునే పద్ధతి, లేదా మొదటి 60–90 సెకన్ల వక్రరేఖ కింది వైశాల్యం ఇక్కడ నిజాయతీ గల కొలతలు.

అడుగు 8: మెలకువ, శుభ్రత

మత్తు ఆపాక ఎలుక వెచ్చటి చోట తనంతట తాను లేచి నడిచేదాకా ఒకరు దగ్గరుండాలి. పరచిన ప్లాస్టిక్ షీట్లు బయోమెడికల్ వ్యర్థాల్లోకి వెళ్తాయి. బల్ల, స్కానర్ సొరంగం, తలుపు పిడి ఇన్ఫెక్షన్ బృందం చెప్పిన ద్రావణంతో తుడిచి సంతకం పెట్టండి. మర్నాడు ఉదయం అక్కడ పడుకోబోయేది ఒక రోగి.

అడుగు 9: కొలవడం

త్రీడీ స్లైసర్, ఐటీకే-స్నాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు. కణితి అంచులు గీసేవాళ్లకు ఏ ఎలుక మందు తీసుకుందో, ఏది తీసుకోలేదో తెలియకూడదు. 3 మి.మీ. గుండ్రటి కణితి 14 ఘన మి.మీ. ఉంటుంది. పైన చెప్పిన వోక్సెళ్లతో అది 440 వోక్సెళ్లే అయినా, విస్తరించేది నాలుగు స్లైసుల్లో మాత్రమే. పై స్లైసు, కింది స్లైసు సగం కణితి, సగం కణజాలం. వాటిని కలుపుకోవాలా వద్దా అన్నదానిమీదే ఫలితం పెద్దగా ఊగుతుంది. ఏదో ఒక నియమం ముందే రాసుకుని చివరిదాకా పాటించండి.

కొన్ని ఎలుకలను ఒకే రోజు దించి, మళ్లీ ఎక్కించి రెండోసారి స్కాన్ చేయండి. ఆ రెండు కొలతల మధ్య తేడా ఎంతో, అంతకంటే తక్కువ మార్పును మీరు చికిత్స ఫలితమని అనలేరు. ఈ పని చాలామంది సమయం లేదని వదిలేస్తారు, దయచేసి వదలొద్దు. ప్రయోగం చివర కణితిని తీసి తూకం వేస్తే ఎంఆర్ఐ ఘనపరిమాణానికి స్వతంత్ర సాక్ష్యం దొరుకుతుంది. కాలిపర్ వాడేవాళ్ల పొడవు గుణించు వెడల్పు వర్గం, అందులో సగం అనే సూత్రంతో కూడా పోల్చి చూడండి.

ఆసుపత్రి స్కానర్ మీ చేతిలో ఉండదు. ప్రయోగం మధ్యలో సాఫ్ట్‌వేర్ మారొచ్చు, సర్వీసు జరగొచ్చు. అందుకే ప్రతి సెషన్‌లో చిన్న అగార్ (జెల్లీ లాంటి పదార్థం) గొట్టం ఒకటి, ఏడీసీ కోసం ఐసునీటి గొట్టం ఒకటి స్కాన్ చేయండి. 0 డిగ్రీల దగ్గర నీటి ఏడీసీ సెకనుకు 1.1 × 10⁻³ చదరపు మి.మీ. ఉండాలి. అది తప్పితే ఆ రోజు ఎలుకల అంకెలు నమ్మొద్దు. మందు ఇచ్చిన గుంపును ఒక రోజు, ఇవ్వని గుంపును ఇంకో రోజు స్కాన్ చేయొద్దు, రెంటినీ కలిపి వరుస పెట్టండి. ప్రచురించేటప్పుడు కాయిల్ వ్యాసం, ఎలుక ఉష్ణోగ్రత, ఊపిరి వేగం, మత్తు శాతం, స్కాన్ నుంచి తీసేసిన ఎలుకలు, తీసేసిన కారణం అన్నీ రాయండి. జంతు ప్రయోగాల నివేదికలకు ఉన్న అరైవ్ మార్గదర్శకాలు అడిగే వివరాలు చాలావరకు ఇందులోనే వచ్చేస్తాయి.